డెత్ బృందం చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

డెత్ అంటే ఎవరు?

డెత్ అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పెరిగిన ముగ్గురు నల్లజాతి అన్నదమ్ముల రాక్ బృందం. డేవిడ్ హ్యాక్నీ గిటారు వాయించేవాడు, డానిస్ హ్యాక్నీ డ్రమ్స్ వాయించేవాడు, ముగ్గురిలో చిన్నవాడైన బాబీ హ్యాక్నీ బేస్ గిటారు వాయిస్తూ పాడేవాడు. 1975లో వాళ్లు స్టూడియోలో రికార్డు చేసిన పాటలు ఏడు. వాటిలో రెండింటిని మరుసటి ఏడాది సొంత డబ్బుతో 500 ప్రతులు అచ్చు వేయించి విడుదల చేశారు. మిగిలిన ఐదు పాటలు జనం చెవిన పడింది 2009లోనే. ముప్ఫై ఏళ్లకు పైగా పేరు కూడా వినపడని ఈ బృందాన్ని ఇప్పుడు పంక్ రాక్ చరిత్ర రాసేవాళ్లెవరూ పక్కన పెట్టలేకపోతున్నారు.

ఫ్లోరిడాకు చెందిన డెత్ మెటల్ బృందం ఇదేనా?

కాదు. 1980లలో చక్ షుల్డినర్ ఫ్లోరిడాలో నడిపిన డెత్ వేరే బృందం, దాని సంగీతం వేరు. రెండింటికీ పేరు కలిసిందే తప్ప ఇంకే సంబంధమూ లేదు. అంతర్జాలంలో వెతికేవాళ్లు పేరు పక్కన డెట్రాయిట్ అని చేర్చుకుంటే తికమక ఉండదు.

ప్రోటో-పంక్ అని దేనిని అంటారు? డెత్‌ను ఆ కోవలో ఎందుకు చేరుస్తారు?

పంక్ అనే మాట ఒక సంగీత ధోరణికి పేరుగా స్థిరపడింది 1976 ప్రాంతంలో. ఆ ఏడాది ఏప్రిల్‌లో న్యూయార్క్ బృందం రమోన్స్ తొలి ఆల్బమ్, నవంబరులో లండన్ బృందం సెక్స్ పిస్టల్స్ తొలి సింగిల్ (ఒకటి రెండు పాటలుండే చిన్న రికార్డు) వచ్చాయి. పాట చిన్నదిగా, వేగంగా ఉండడం, గిటారు సోలోల ఆడంబరం లేకపోవడం, గొంతులో కోపాన్ని దాచుకోకపోవడం ఆ ధోరణి లక్షణాలు. అంతకు ముందే, ఆ పేరు పుట్టకముందే, ఇదే పోకడతో వాయించినవాళ్లను తరువాతి విమర్శకులు వెనక్కి తిరిగి చూసి ప్రోటో-పంక్ అన్నారు. 1965లో పెరూ దేశంలోని లీమా నగరంలో లోస్ సైకోస్, 1960ల చివర డెట్రాయిట్ పరిసరాల్లోనే ఎంసీ5, స్టూజెస్ ఈ కోవలోకి వస్తాయి. అంటే తాము ప్రోటో-పంక్ వాయిస్తున్నామని ఆనాడు ఎవరూ అనుకోలేదు. డెత్ సోదరుల దృష్టిలో తాము వాయించినది రాక్ అండ్ రోల్, అంతే.

ఇక డెత్ ప్రపంచంలోనే మొట్టమొదటి పంక్ బృందమా అని చాలామంది అడుగుతారు. ఈ కిరీటం ఎవరి తలమీద పెట్టాలన్న వాదన నాకు అంత ముఖ్యమనిపించదు. స్టూజెస్ తొలి ఆల్బమ్ 1969లోనే వచ్చింది కాబట్టి ఆ మాట అక్షరాలా నిలవదు కూడా. రమోన్స్ ఆల్బమ్ వెలువడక ముందే, న్యూయార్క్ సంగతి ఏమీ తెలియకుండా, ముగ్గురు అన్నదమ్ములు తమ ఇంటి గదిలో కూర్చుని దాదాపు అదే చోటికి సొంత దారిన చేరుకున్నారన్నదే ఇక్కడ గొప్ప విషయం.

నల్లజాతి యువకులు రాక్ వాయించడం అంత వింతగా ఎందుకు కనిపించింది?

నిజానికి వింత కాకూడదు. రాక్ అండ్ రోల్‌కు పునాది వేసినవాళ్లే చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లజాతి కళాకారులు. అయితే 1970లు వచ్చేసరికి అమెరికాలో రేడియో స్టేషన్లు, రికార్డు కంపెనీలు శ్రోతలను రంగును బట్టి విడదీసి, సోల్ (భావోద్వేగం నిండిన గానం), ఫంక్ (తాళానికి పెద్దపీట వేసే నృత్య సంగీతం) నల్లవాళ్లవనీ, గిటారు హోరెత్తే రాక్ తెల్లవాళ్లదనీ గీత గీసేశాయి. నల్లజాతి రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ లాంటి మహానుభావుడు కూడా ఆ గీతను చెరపలేకపోయాడు.

పైగా డెట్రాయిట్ అంటే నల్లజాతి గాయకుల సోల్ పాటలతో పేరుపొందిన మోటౌన్ రికార్డు కంపెనీ పుట్టిన ఊరు. ఆ కంపెనీ 1972లో తన కేంద్రాన్ని లాస్ ఏంజెలస్‌కు తరలించుకుపోయినా, నల్లజాతి కుర్రవాళ్లు సంగీతం మొదలుపెడితే మోటౌన్ తరహాలోనే పాడతారన్న అంచనా మాత్రం ఊళ్లో అలాగే ఉండిపోయింది. 1967 జులైలో జరిగిన అల్లర్లలో 43 మంది చనిపోయిన తరువాత ఆ నగరంలో జాతుల మధ్య దూరం ఇంకా పెరిగింది. అలాంటి ఊళ్లో, నల్లవాళ్లు ఉండే పేటలో, ఈ ముగ్గురూ చెవులు చిల్లులు పడే రాక్ వాయిస్తుంటే, ఇది తెల్లపిల్లల పాట కదా, మీకెందుకని ఇరుగుపొరుగు ఎత్తిపొడిచేవారు. తెల్లవాళ్ల రాక్ వేదికలు వీళ్లను తమవాళ్లుగా అనుకోలేదు. రెండు పక్కలా తలుపులు మూసుకుపోయిన ఈ స్థితిని గుర్తుంచుకోకపోతే డెత్ కథలో తరువాత జరిగినదేదీ సరిగా అర్థం కాదు.

ఈ అన్నదమ్ములు సంగీతంలోకి ఎలా వచ్చారు?

1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ మొదటిసారి ఎడ్ సల్లివన్ టీవీ కార్యక్రమంలో కనిపించారు. హ్యాక్నీల తండ్రి బాప్టిస్టు బోధకుడు. ఆయన పిల్లలను పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టి ఆ కార్యక్రమం చూపించారు. మరునాడు డేవిడ్‌కు సందులో ఎవరో పారేసిన గిటారు దొరికింది. అప్పటికతనికి పన్నెండేళ్లయినా నిండాయో లేదో. దానిమీదే అతను వాయించడం నేర్చుకున్నాడు, తమ్ముళ్లు అతని వెంట నడిచారు.

వాళ్ల సాధన ఇంట్లోనే, ఒక పడకగదిలో సాగేది. మధ్యాహ్నం 3 గంటల నుంచి సాయంత్రం 6 గంటల వరకు ఎంత గట్టిగా వాయించుకున్నా పరవాలేదని తల్లి అనుమతి ఇచ్చారు. డ్రమ్స్, రెండు ఆంప్లిఫయర్లు ఒకే గదిలో మోగుతుంటే ఇల్లంతా ఎలా దద్దరిల్లి ఉంటుందో ఊహించుకోవచ్చు. డెత్ రికార్డింగుల్లో ముగ్గురూ ఒకరి ఊపిరి ఒకరికి వినపడేంత దగ్గరగా నిలబడి వాయిస్తున్నట్టు అనిపించడానికి ఆ మూడు గంటల దినచర్యే కారణమని నేను నమ్ముతాను. ఏళ్ల తరబడి ఒకే గదిలో వాయించినవాళ్లకు తప్ప ఆ పట్టు రాదు.

1971లో వాళ్ల బృందం పేరు రాక్ ఫైర్ ఫంక్ ఎక్స్‌ప్రెస్. పేరుకు తగ్గట్టే అప్పట్లో ఫంక్ పాలు ఎక్కువ. ఆ తరువాత ద హూ, ఆలిస్ కూపర్ ప్రదర్శనలు చూసి వాళ్లు పూర్తిగా రాక్ వైపు మళ్లారు. అలాగని ఫంక్‌తో నేర్చుకున్న తాళజ్ఞానం ఎక్కడికీ పోలేదు. డెత్ పాటల్లో బేస్, డ్రమ్స్ కలిసి పరుగెత్తే తీరు తెల్లజాతి ప్రోటో-పంక్ బృందాల్లో దొరకని సంగతి.

డెత్ అనే పేరు ఎందుకు పెట్టుకున్నారు?

అందరూ మొదట అడిగేది ఇదే, బృందం కథ మొత్తం తిరిగేది కూడా దీని చుట్టూనే.

హ్యాక్నీల తండ్రి 1968లో, తాగి బండి నడిపిన మరొకరి వల్ల జరిగిన రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆ దెబ్బ ఇంటిల్లిపాదికీ తగిలినా డేవిడ్ మాత్రం దాన్ని తనదైన రీతిలో తీసుకున్నాడు. మరణం ఒక ప్రయాణమనీ, దానిని చూసి జడుసుకోవలసిన పని లేదనీ, పుట్టుక ఎంత సహజమో అదీ అంతేననీ అతను అనుకున్నాడు. జనం భయపడే ఆ మాటలోంచే మంచి అర్థాన్ని పైకి తీయాలన్నది అతని సంకల్పం. ఇందులో ఎవరినో ఉలిక్కిపడేలా చేయాలన్న ఆలోచన లేదు, తరువాతి కాలపు మెటల్ బృందాలు వాడుకున్న పుర్రెల బొమ్మల సరదా అంతకన్నా లేదు. బోధకుని కొడుకు, దైవభక్తుడు, తండ్రి పోయిన దుఃఖంలో వెతుక్కున్న పేరు ఇది.

బృందం చిహ్నం చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. అందులో ఒక త్రిభుజం, మూడు వలయాలు ఉంటాయి. ఆ మూడూ ఆధ్యాత్మికం, మానసికం, శారీరకం అనే జీవిత పార్శ్వాలు, వాటిని నడిపించే దైవానికి గుర్తుగా ఇంకొక చుక్క ఉంటుంది. డేవిడ్ దీన్నంతా కూర్చుని ఆలోచించి గీశాడు.

తెలుగు పాఠకులకు ఈ పేరు బరువు నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మన ఇళ్లలో ఎవరైనా ఆ మాట పలికితే తథాస్తు దేవతలు ఉంటారని పెద్దవాళ్లు వెంటనే నోరు మూయిస్తారు. పోయారు, కాలం చేశారు, పరమపదించారు అంటామే తప్ప ఉన్న మాట ఉన్నట్టు అనడానికి మనకు నాలుక రాదు. అమెరికాలోనూ అదే జంకు ఉంది. తమ్ముళ్లను ఒప్పించడానికే డేవిడ్‌కు కష్టమైందని బాబీ తరువాత గుర్తుచేసుకున్నాడు. ఇక రేడియోలో అనౌన్సరు ఆ పేరు పలికి పాట వేయడం అంతకన్నా కష్టం.

రికార్డింగ్ ఎక్కడ జరిగింది?

డెట్రాయిట్‌లోని యునైటెడ్ సౌండ్ స్టూడియోలో జరిగింది. అది మామూలు చోటు కాదు. జాన్ లీ హుకర్ 1948లో తన తొలి ప్రసిద్ధ బ్లూస్ పాటను, మోటౌన్ స్థాపకుడు బెర్రీ గోర్డీ 1959లో తన కంపెనీ తొలి రికార్డులోని పాటను అక్కడే రికార్డు చేశారు. సోల్ సంగీత నిర్మాత డాన్ డేవిస్ నడిపిన గ్రూవ్స్‌విల్ సంస్థ హ్యాక్నీ సోదరులను చేరదీసింది. 1975లో ఇంజినీరు జిమ్ విట్టీ వాళ్ల పాటలు రికార్డు చేశాడు. పన్నెండు పాటలు అనుకుంటే ఏడు పాటల దగ్గరే పని ఆగిపోయింది.

పెద్ద కంపెనీ అవకాశాన్ని నిజంగానే కాదన్నారా?

కాదన్నారు. హ్యాక్నీ కుటుంబం చెప్పేదాని ప్రకారం, శాంటానా వంటివారిని వెలుగులోకి తెచ్చిన రికార్డు కంపెనీ అధిపతి క్లైవ్ డేవిస్‌కు ఈ పాటలు నచ్చాయి. రికార్డింగుకు డబ్బు కూడా ఆయన వైపు నుంచే వచ్చింది. అయితే పేరు మార్చుకోవాలన్నాడు. డేవిడ్ ససేమిరా అన్నాడు, డబ్బు ఆగిపోయింది.

దీన్ని మొండితనం అనేవాళ్లు ఉన్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయను, ఎందుకంటే నష్టపోయింది డేవిడ్ ఒక్కడే కాదు. చేతికందిన కూడు నోటికందకుండా పోయినప్పుడు తమ్ముళ్లిద్దరి వయసు ఇరవై చుట్టుపక్కలే. కానీ డేవిడ్ వాదన తేలికైనది కాదు. పేరు ఇచ్చేస్తే మిగతాదంతా ఇచ్చేసినట్టేనని, రేపు పాట మార్చమంటే మార్చాలి, ఆ తరువాత వాయించే తీరు మార్చాలి అని అతను అన్నాడు. తండ్రి మరణం నుంచి పుట్టిన పేరును కంపెనీ సౌకర్యం కోసం తీసేయడం అతని దృష్టిలో తండ్రిని పక్కన పెట్టడంతో సమానం.

ఈ ఘట్టంలో నన్ను కదిలించేది డేవిడ్ పట్టుదల కన్నా డానిస్, బాబీల నడవడి. పేరు మీద తమకు అంత మమకారం లేకపోయినా వాళ్లు తమ అన్నయ్య మాట దాటలేదు. పాత్రికేయులు రాసేటప్పుడు డేవిడ్‌ను ఋషిని చేసి, తమ్ముళ్లను పక్క వాద్యగాళ్లుగా మిగల్చడం తరచుగా జరుగుతుంది. అది అన్యాయం. పాటలు రాసింది డేవిడ్, బాబీ ఇద్దరూ కలిసి. మూల్యం చెల్లించింది ముగ్గురూ.

ఆ 500 ప్రతుల సింగిల్ కథ ఏమిటి?

కంపెనీ వెనక్కి తగ్గాక, ఉన్న ఏడు పాటల్లో రెండింటిని తీసుకుని 1976లో ట్రయాంగిల్ అనే సొంత లేబుల్ మీద ఒక చిన్న రికార్డు అచ్చు వేయించారు. ఒక వైపు పాలిటీషియన్స్ ఇన్ మై ఐస్, రెండో వైపు కీప్ ఆన్ నాకింగ్. డిస్కో సంగీతం దేశమంతా ఊపేస్తున్న రోజులవి. రేడియో స్టేషన్లు దాదాపుగా పట్టించుకోలేదు. ప్రతులు కొన్ని అమ్ముడై, కొన్ని స్నేహితులకు పోయి, కొన్ని పెట్టెల్లో ఉండిపోయాయి. చేతులు మారిన ఆ కొద్ది ప్రతులే చివరికి బృందాన్ని కాపాడాయి. 2000ల చివర ఒక ప్రతి సుమారు 800 డాలర్లు పలికింది.

ఆ తరువాత వాళ్లు ఏం చేశారు?

1977 నాటికి డెత్ ముగిసింది. ముగ్గురూ వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌కు వెళ్లిపోయి, ఫోర్త్ మూవ్‌మెంట్ అనే పేరుతో 1980ల మొదట్లో రెండు గాస్పెల్ (క్రైస్తవ భక్తి సంగీతం) రాక్ ఆల్బమ్‌లు చేశారు. డెత్ చిహ్నంలోని నాలుగో చుక్కను గుర్తుంచుకున్నవాళ్లకు ఈ భక్తి సంగీతం దారి తప్పడం అనిపించదు. 1982లో డేవిడ్ డెట్రాయిట్‌కు తిరిగి వెళ్లాడు. డానిస్, బాబీ వెర్మాంట్‌లోనే ఉండి, సంసారాలు చేసుకుంటూ, ల్యాంబ్స్‌బ్రెడ్ అనే రెగె (జమైకాలో పుట్టిన సంగీతం) బృందాన్ని ఏళ్ల తరబడి నడిపారు.

డేవిడ్ 2000లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయాడు. అంతకు కొన్నాళ్ల ముందు డెత్ మాస్టర్ టేపులను, అంటే స్టూడియోలో చేసిన అసలు రికార్డింగులను, బాబీ చేతిలో పెట్టి జాగ్రత్తగా దాచమన్నాడు. ఏదో ఒక రోజు ప్రపంచం వీటిని వెతుక్కుంటూ వస్తుందని, ఆ రోజు ఇవి నీ దగ్గర ఉండాలని చెప్పాడు. బాబీ వాటిని ఇంటి అటక మీద పెట్టాడు.

మరి పాటలు ఎలా బయటపడ్డాయి?

పాత రికార్డులు సేకరించేవాళ్ల ద్వారా. వాళ్ల చేతుల్లో పడిన సింగిల్‌లోని పాటలను 2008 ప్రాంతంలో ఎవరో అంతర్జాలంలో పెట్టారు. అక్కడి నుంచి అవి కాలిఫోర్నియాలో కుర్రవాళ్ల పార్టీల దాకా వెళ్లాయి. బాబీ కొడుకు జూలియన్ అక్కడే ఉండేవాడు. ఆ పాటల్లో వినిపించే గొంతు తండ్రిదని కొడుకులు గుర్తుపట్టారు. తండ్రి రెగె వాయిస్తాడని వాళ్లకు తెలుసు, రాక్ బృందం సంగతి ఆయన వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనం అంటుంటాం. ఇక్కడ పెరట్లో చెట్టు ఉందన్న సంగతే పిల్లలకు తెలియదు. బాబీ ఎందుకు చెప్పలేదంటే, ఎన్నో తిరస్కారాలు చూసిన ఆ కాలాన్ని తిరిగి తవ్వుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

అటక మీది టేపులు దిగి వచ్చాయి. షికాగోకు చెందిన డ్రాగ్ సిటీ సంస్థ 2009 ఫిబ్రవరిలో ఏడు పాటలనూ ఫర్ ద హోల్ వరల్డ్ టు సీ అనే పేరుతో విడుదల చేసింది. మరుసటి నెలలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వీళ్ల మీద పెద్ద వ్యాసం వేసింది. బాబీ కొడుకులు ముగ్గురు, స్నేహితులతో కలిసి, తండ్రి తరం పాటలు వాయించడానికి రఫ్ ఫ్రాన్సిస్ అనే బృందం కట్టారు. అది డేవిడ్ తన చివరి రోజుల సంగీతానికి పెట్టుకున్న మారుపేరు.

బృందం మళ్లీ వేదిక ఎక్కిందా?

ఎక్కింది. 2009లోనే డానిస్, బాబీ తమ రెగె బృందంలోని గిటారిస్టు బాబీ డంకన్‌ను వెంటబెట్టుకుని డెట్రాయిట్‌లో డెత్ పేరుతో వాయించారు. 2012లో వాళ్ల కథపై మార్క్ కొవినో, జెఫ్ హౌలెట్ దర్శకత్వంలో ఎ బ్యాండ్ కాల్డ్ డెత్ అనే డాక్యుమెంటరీ వచ్చింది. మిగిలిన పాత ముక్కలతో మరో రెండు సంకలనాలు, 2015లో కొత్త పాటలతో ఒక ఆల్బమ్ వచ్చాయి. కొత్తవి బాగానే ఉన్నా, డేవిడ్ గిటారు లేని లోటు వాటిలో కనిపిస్తూనే ఉంటుంది.

కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

2009 ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి. మొత్తం 26 నిమిషాలే కాబట్టి ఒకే విడతలో వినడం మంచిది. మొదటి పాట కీప్ ఆన్ నాకింగ్ వినేవాళ్లను సులువుగా లోపలికి తీసుకెళుతుంది. రాక్-ఎన్-రోల్ విక్టిమ్, ఫ్రీకిన్ ఔట్ వింటే పంక్ పోలిక ఎందుకు వచ్చిందో చెప్పించుకోనక్కరలేదు.

పాలిటీషియన్స్ ఇన్ మై ఐస్ చివరన ఉంది. వియత్నాం యుద్ధం, అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా కళ్లముందు చూసిన తరం కోపం ఆ పాట. యువకులను యుద్ధానికి పంపి తాము సుఖంగా ఉండే నాయకుల మీద బాబీ గొంతు చించుకుని అరవడు, పళ్లు బిగించి పాడతాడు. రెండోసారి విన్నప్పుడు గొంతును వదిలేసి కేవలం బేస్, డ్రమ్స్ మీద చెవి పెట్టండి. పాట నడుమ గిటారు హోరు కాస్త వెనక్కి తగ్గి తాళం ముందుకు వచ్చే చోట, చిన్నప్పటి ఫంక్ చేతివాటం అంతా బయటపడుతుంది.

చివరికి మిగిల్చుకోవలసిన పాట లెట్ ద వరల్డ్ టర్న్. నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా మొదలై, హఠాత్తుగా పరుగందుకుని, మధ్యలో డానిస్ ఒంటరిగా డ్రమ్స్ వాయించే చోటికి చేరి, మళ్లీ నెమ్మదిస్తుంది. పంక్ లక్షణాలు అని పైన చెప్పినవాటిలో ఒక్కదానికీ ఈ పాట లొంగదు. డేవిడ్ గిటారు తక్కువ స్వరాలతో, ఎక్కువ ఖాళీతో సాగేది ఇందులోనే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినండి.